డబ్బాల పాట

ఏడు రోడ్ల కాడ
మంచమంత అంగడి నాది.
మెమరీ కార్డులకు పాటలు పోస్తా,
ఇరవై రూపాయలకు రెండు జీబీ.
ఉరుసుకు వేరే, పెండ్లికి వేరే,
ట్రాక్టరోళ్లకు వేరే ఫోల్డరు.
కడప చెవులన్నీ నా కంప్యూటర్లోనే ఉండాయని
కొంచెం పొగురు కూడా ఉన్నింది.

ఆ ఎండాకాలం కువైటు నుంచి దిగిన ఓబులమ్మ
నోట్లో సూది పెట్టుకున్నంత జాగ్రత్తగా
కొంగు ముడి విప్పి
గోరంత కార్డు గల్లాపెట్టె మీద పెట్టె.
"పదకొండేండ్ల ఫోటోలు నాయనా,
ఫోను నీళ్లల్లో పడె. ఎట్టన్నా తీసియ్యి."

ఫోటోలు రాలేదు.
రాత్రి షట్టరు సగం దించి
మూడో సాఫ్ట్‌వేరు ఆడిస్తే
ముప్పైయేడు పాటలు తేలినాయి,
బావిలో పడిన చెంబులు పాతాళగరిగెకు తగిలినట్టు
ఒక్కొక్కటే.
పేరుండాల్సిన తావులో పేరు లేదు.
డబ్బాలు. ఖాళీ డబ్బాలు.
నా కంప్యూటరుకు ఆ లిపి రాదు.
నాలుగు డబ్బాలు, ఒక చుక్క, ఆరు డబ్బాలు.

మొదటిది నొక్కినా.
ఎవరో ఆడమనిషి. గొంతు గీరుకపోయింది గానీ తెగలేదు.
ఎనక ఒక బాకా, నిద్రమబ్బులో చెప్పులు ఎతుక్కుంటాన్నట్టు.
తాళం నా వేలికి దొరకలా.
మూడనుకుంటే నాలుగోది వస్తాది,
నాలుగని కాచుకుంటే ముందే దాటింటాది
రైల్వే గేటు కాడ మేకపిల్ల మాదిరి.
ఉన్నట్టుండి ఆడోళ్లంతా నాలికలాడించి కూత పెడితే
పక్కంగడి టీ మస్తాను పరిగెత్తుకొచ్చె,
"ఎవరికేమైందిరా?"
ఏం కాలేదు. పాటలో పెండ్లేమో.
నిలబడి ఇద్దరం మళ్లీ ఇన్నాము.
టీ చల్లారె.

పొద్దున్నే ఓబులమ్మకు చెప్పినా.
ఏడుస్తాదనుకున్నా.
"అల్మాజువి" అనె.
"ఇథియోపియా పిల్ల. ఒకే వంటింట్లో ఆరేండ్లు.
దాని మాట నాకు రాదు, నా మాట దానికి రాదు,
ఇద్దరికీ వచ్చిన అరబ్బీ అంతా తిట్లూ, గిన్నెల పేర్లూ.
మామా నిద్రపోయినాక సన్నగా పెట్టేది.
ఉల్లిగడ్డలు తరుగుతా ఇనేటోళ్లం.
కండ్లల్లో నీళ్లొస్తే
ఉల్లిగడ్డల మీదికి తోసేదానికి బాగుండె."

"అర్థమేంది?" అంటి.
"ఎవరడిగినారు?"
అని, సంచి కింద పెట్టి
యాభై రెండేండ్ల మనిషి
నడుము కదలకుండా, పాదం కదలకుండా
భుజాలు మాత్రం ఆడించె,
తడిసిన కోడి నీళ్లు ఇదిలించినట్టు.
గంగమ్మ పూనకం గాదు, రికార్డింగ్ డాన్సు గాదు.
ఫోన్లకు కవర్లేయించుకునే కాలేజీ పిల్లోళ్లు
ఫోన్లెత్తడం మర్చిపోయినారు.

తప్పో ఒప్పో, ఆయమ్మను అడగలేదు.
ఎర్రముక్కపల్లి ఆటో దస్తగిరి కార్డులో మూడు ఎక్కించినా.
వారం తిరక్కముందే నలుగురొచ్చిరి,
"అన్నా, ఆ డబ్బాల పాట."
నాపరాళ్ల లారీ ఒకటి
ఎర్రగుంట్ల దాకా మోసుకపోయిందంట.
అది దేవుని పాటని ఒకడు, తాగుబోతు పాటని ఒకడు
పందెమేసుకొని నా కాడికి తీర్పుకొచ్చిరి.
తెల్వదంటి.
పదేండ్లుగా పాటలమ్మేవాణ్ణి,
తెల్వదనడం అదే మొదలు.
నోరు కొంచెం చల్లబడె.

ఓబులమ్మ మళ్లీ వచ్చె, ముక్కుపుటాలెగరేసుకుంటా.
"ఆటోలో అల్మాజు పాడతాంది.
ఇంటా ఇంటా దిగాల్సిన తావు దాటి రిమ్సు దాకా పోతి.
ముప్పై ఎక్కువ గుంజినాడు."
గల్లాపెట్టెలోంచి ముప్పై తీసిచ్చినా.
లెక్కబెట్టుకొని, కొంగున కట్టుకొని,
"పన్నెండోది ఇంగా బాగుంటాది,
అది ఎక్కించలేదే వాళ్లకు?" అనె.

మొన్న కొత్త కంప్యూటరు కొన్నా.
ఫోల్డరు తెరిస్తే డబ్బాల్లేవు.
వాటి తావులో అక్షరాలు,
కాళ్లుండేవి, చేతులుండేవి, నెత్తిన ముడి ఉండేవి.
ఓబులమ్మకు చూపిద్దామంటే
పోయిన శుక్రవారమే ఇమానమెక్కిందంట.
చదవను నాకు రాదు.
పన్నెండోదాని పేరులో ఆరుగురుండారు,
వరసగా, నడుము కదలకుండా.
నాలుగో ఆయమ్మ
ఒంటికాలి మీద.